వంతెన ఎవరి వీపు మీద? బాస్టన్ లెస్బియన్ల మధ్య రంగు గీత

2021 జూలై 9న, అమెరికాలోని బాస్టన్‌లో ఏటా గే, లెస్బియన్ల ప్రైడ్ ఊరేగింపు నడిపే బాస్టన్ ప్రైడ్ కమిటీ తన దుకాణం తానే సర్దేసుకుంది. ఆ నగరంలో ఆ ఊరేగింపు మొదటిసారి జరిగి సరిగ్గా యాభయ్యేళ్లు నిండిన ఏడాది అది. అంతకు ముందు ఏడాది జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగినప్పుడు వాలంటీర్లు ఒక ప్రకటన రాశారు. బోర్డు దాన్ని సవరించి, 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' అన్న మాట తీసేసి బయటికి వదిలింది. వాలంటీర్లు చాలామంది కట్టకట్టుకుని తప్పుకున్నారు. నల్లజాతి వాళ్లనీ ట్రాన్స్ వాళ్లనీ పక్కన పెడుతున్నారని అప్పటికే ఏళ్ల తరబడి ఫిర్యాదులున్నాయి. 2015లో కొందరు కార్యకర్తలు నడుస్తున్న ఊరేగింపుకి అడ్డంగా రోడ్డు మీద నిలబడి దాన్ని కాసేపు ఆపేశారు కూడా. చివరికి బోర్డు కుర్చీలు పంచుకోవడం కన్నా సంస్థని రద్దు చేసుకోవడమే మేలనుకుంది. ఊరేగింపు మళ్లీ నడిచింది 2023 జూన్ 10న, వేరేవాళ్లు పెట్టిన కొత్త సంస్థ చేతుల మీదుగా.

ఈ వార్త చదివిన తెలుగువాళ్లకి చాలామందికి ఒకటే సందేహం వస్తుంది. వీళ్లందరినీ లోకం ఒకే కారణానికి వెలివేసింది కదా, మళ్లీ వీళ్లలో వీళ్లకి ఈ గీతలేంటి? నాకూ మొదట అదే అనిపించింది. కానీ ఒకే కారణానికి వెలివేశారనుకోవడంలోనే పొరపాటుంది. ఈ చిక్కుముడి విప్పాలంటే 2021లో వెతికితే దొరకదు. 1970ల బాస్టన్‌కి, అందులోనూ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడ కొద్దిమంది లెస్బియన్లు, డబ్బూ ఆఫీసూ లేకుండా, ఈ గీత గురించి అందరికన్నా సూటిగా ఆలోచించారు. ఆలోచించి ఊరుకోలేదు, పనికి దిగారు.

ముందు ఊరి సంగతి. 1970 జనాభా లెక్కల ప్రకారం బాస్టన్‌లో దాదాపు 6 లక్షల 41 వేల మంది. నూటికి పదహారు మంది నల్లజాతి వాళ్లు. వాళ్లలో ఎక్కువమంది రాక్స్‌బరీ, డార్చెస్టర్, మాటపాన్, సౌత్ ఎండ్ పేటల్లో కిక్కిరిసి ఉండేవాళ్లు. ఊరు, వాడ అని మనం అనే విభజన అక్కడ బోర్డు పెట్టకుండానే నడిచేది. 1974 జూన్ 21న ఆర్థర్ గారిటీ అనే ఫెడరల్ జడ్జి, ఈ నగరం బడులని కావాలనే రంగు ప్రకారం విడదీసి నడుపుతోందని తేల్చి, పిల్లల్ని బస్సుల్లో ఒక పేట నుంచి ఇంకో పేట బడికి పంపించమన్నాడు. సెప్టెంబర్‌లో బడులు తెరిచిన రోజున సౌత్ బాస్టన్‌లో నల్లజాతి పిల్లలున్న బస్సుల మీద రాళ్లు పడ్డాయి. 1976 ఏప్రిల్‌లో సిటీ హాల్ ముందు ఒక తెల్ల కుర్రాడు జాతీయ జెండా కర్రతో టెడ్ ల్యాండ్స్‌మార్క్ అనే నల్లజాతి లాయర్ మీదకి దూసుకెళ్లిన ఫోటో దేశమంతా చూసింది. దానికి పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది.

సరిగ్గా ఈ ఏళ్లలోనే బాస్టన్ చుట్టుపక్కల లెస్బియన్ల జీవితం పూత పూసింది. పత్రికలు, పుస్తకాల షాపులు, క్లినిక్‌లు, హోటళ్లు, ప్రెస్‌లు వచ్చాయి. అయితే వీటిలో చాలా భాగం చార్లెస్ నదికి అవతల, కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ వైపున పుట్టాయి. యూనివర్సిటీలు ఉన్నదీ, చదువుకున్న తెల్ల అమ్మాయిలు గదులు పంచుకుని ఉండేదీ అక్కడే. రాక్స్‌బరీ నుంచి ఒక నల్లజాతి లెస్బియన్ సాయంత్రం మీటింగ్‌కి రావాలంటే ట్రైన్ పట్టుకుని నది దాటాలి, రాత్రి ఒంటరిగా తిరిగెళ్లాలి, మధ్యలో బిడ్డని ఎవరి దగ్గరైనా వదలాలి. ఇవన్నీ చేసుకుని వచ్చాక గదిలో ఆమె ఒక్కతే నల్లటి మనిషి. "మా తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి కదా, వాళ్లే రావట్లేదు" అన్నది ఆ గదుల్లో తరచూ వినిపించిన మాట. మన దగ్గర సంఘాల మీటింగుల్లో కూడా ఇదే మాట, ఇదే స్వరంలో వినపడుతుంది.

బార్‌ల సంగతి ఇంకో రకం. 1971 నాటి మొదటి బాస్టన్ ఊరేగింపు మొట్టమొదట ఆగిందే జాక్స్ అనే బార్ ముందు, అక్కడ ఆడవాళ్లతో వ్యవహరించే తీరుకి నిరసనగా. అంటే మగవాళ్లకీ ఆడవాళ్లకీ మధ్య గీత అప్పటికే ఉంది. దాని లోపల రంగు గీత ఇంకోటి. న్యూయార్క్ గురించి కవయిత్రి ఆడ్రీ లార్డ్ రాసిన జ్ఞాపకం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1950ల్లో తెల్ల స్నేహితురాళ్లతో కలిసి లెస్బియన్ బార్‌కి వెళ్తే, అందరిలోకీ పెద్దదైనా సరే వయసు చూపించే కార్డు తననే అడిగేవాళ్లట. తలుపు దగ్గరి మనిషి ఏ బూతూ తిట్టడు, ఏ నియమమూ చదవడు, కార్డు అడుగుతాడంతే. అందుకే చాలా నగరాల్లో నల్లజాతి లెస్బియన్లు బార్‌ల జోలికి పోకుండా ఇళ్లలోనే పార్టీలు పెట్టుకునేవాళ్లు. డెట్రాయిట్‌లో రూత్ ఎలిస్ అనే ఆవిడ ఇల్లు 1946 నుంచి 1971 దాకా అలాంటి కూడలి. దీని వల్ల రెండు లోకాలు తయారయ్యాయి. ఒక లోకం బయట కనిపించేది, పత్రికలకెక్కేది. రెండోది ఎవరికో తెలిసినవాళ్లకి తెలిసేది. కనిపించేదాన్నే 'లెస్బియన్ కమ్యూనిటీ' అనడం అలవాటైపోయింది.

అలాగని తెల్ల అమ్మాయిలు రంగు గురించి అసలు పట్టించుకోలేదంటే అబద్ధమవుతుంది. 1971 మార్చి 6న కొన్ని వందల మంది ఆడవాళ్లు ఊరేగింపుగా వెళ్లి కేంబ్రిడ్జ్‌లో నది ఒడ్డున ఉన్న హార్వర్డ్ భవనం ఒకదాన్ని ఆక్రమించి పది రోజులు కూర్చున్నారు. వాళ్ల డిమాండ్లలో ఒకటి ఆడవాళ్లకి ఒక సెంటర్. రెండోది, పక్కనే రివర్‌సైడ్ అనే పేటలో ఉన్న నల్లజాతి, పేద కుటుంబాలకి హార్వర్డ్ తక్కువ అద్దె ఇళ్లు కట్టించాలని. ఆ పేటవాళ్లు అప్పటికే యూనివర్సిటీతో పోరాడుతున్నారు. చివరికి డొనేషన్ డబ్బుతో ప్లెజెంట్ స్ట్రీట్‌లో, 46వ నంబర్ ఇల్లు కొని విమెన్స్ సెంటర్ పెట్టారు. లెస్బియన్లకి అది పెద్ద అడ్డా అయింది. మొదటి డిమాండ్ తీరింది, రెండోది హార్వర్డ్ ఆ స్థలంలో తీర్చలేదు. వంతెన కట్టాలన్న బుద్ధి మొదటి రోజే ఉందన్నమాట. కానీ ఆ ఇల్లు ఎవరికి సొంతిల్లులా అనిపించింది, ఎవరికి చుట్టపుచూపుగా వెళ్లే ఇల్లు అయింది అన్నది వేరే లెక్క.

ఇప్పుడు సిద్ధాంతం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు తగాదా అక్కడే ముదిరింది. ఆ రోజుల్లో తెల్ల లెస్బియన్ ఫెమినిస్టుల్లో ఒక బలమైన వాదం ఉండేది. ఆడదాన్ని అణిచేది మగవాడు, కాబట్టి మగవాళ్లతో పూర్తిగా తెగతెంపులు చేసుకుని ఆడవాళ్లే వేరుగా బతకాలి అని. వినడానికి నిప్పులాంటి మాట. కానీ నల్లజాతి లెస్బియన్‌కి ఇది ఎలా వినపడుతుంది? పోలీసు చేతిలో దెబ్బలు తిన్న తమ్ముడు ఆమెకున్నాడు. రాళ్లు పడిన బస్సులో ఆమె మేనల్లుడున్నాడు. ఇంట్లో ఆడదాన్నని చిన్నచూపు చూసే తండ్రితో పోట్లాడాలి, అదే తండ్రికి వీధిలో అవమానం జరిగితే అతని పక్కన నిలబడాలి. ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే ఆమె సగం మనిషై మిగలాలి. నల్లజాతి సంఘాల్లో ఇది తిరగేసి జరిగేది. అక్కడ రంగు గురించి మాట్లాడొచ్చు, ఆడదాన్నని, అందులోనూ లెస్బియన్‌నని మాట్లాడితే ఇది తెల్లవాళ్ల జబ్బు అనేవాళ్లు. రెండు వైపులా సగం మనిషికే చోటు.

ఈ ఊపిరాడని చోటులోంచి వచ్చిందే కాంబహీ రివర్ కలెక్టివ్. 1974లో బాస్టన్‌లో ఒక జాతీయ నల్లజాతి ఫెమినిస్టు సంస్థకి శాఖగా మొదలై, తర్వాత విడిపోయి సొంత కాళ్ల మీద నిలబడింది. ముందు నడిచినవాళ్లలో క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన కవల అక్కచెల్లెళ్లు బార్బరా స్మిత్, బెవర్లీ స్మిత్, షికాగో నుంచి వచ్చిన డెమిటా ఫ్రేజియర్ ఉన్నారు. సభ్యుల్లో ఎక్కువమంది లెస్బియన్లే. పేరు విని ఏదో నది ఒడ్డున పుట్టిన సంఘం అనుకోకండి. 1863 జూన్‌లో, అంతర్యుద్ధ కాలంలో, హారియెట్ టబ్‌మన్ సౌత్ కరోలినాలో కాంబహీ నది మీదుగా సైనిక దాడికి దారి చూపించి 750 మందికి పైగా బానిసల్ని విడిపించింది. ఆ సంఘటన పేరే పెట్టుకున్నారు. నల్లజాతి ఆడది ముందుండి నడిపించిన యుద్ధం అని గుర్తు చేయడానికి.

1977 ఏప్రిల్‌లో ముగ్గురూ కలిసి రాసిన వాళ్ల ప్రకటనని ఇప్పుడు ప్రపంచమంతా కాలేజీల్లో చదువుతారు. ఐడెంటిటీ పాలిటిక్స్ అన్న మాట ఇవాళ తిట్టుగా మారింది కానీ, ఆ మాట బాగా వాడుకలోకి రావడం ఆ ప్రకటన నుంచే. వాళ్ల ఉద్దేశంలో దాని అర్థం చాలా సాదా. మా బాధ గురించి మేం మాట్లాడకపోతే మా తరఫున ఎవరూ మాట్లాడరు, అంతే. మగవాళ్లతో తెగతెంపుల వాదం తమకి పనికిరాదని సూటిగా రాశారు. అది చాలామందిని, ముఖ్యంగా తమ మగవాళ్లనీ పిల్లల్నీ బయటే వదిలేస్తోందన్నారు.

నాకు మాత్రం ఆ ప్రకటన చివర్లో ఉన్న ఒక చిన్న విషయమే అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపిస్తుంది. తెల్ల ఆడవాళ్ల ఉద్యమంలో ఉన్న జాతి వివక్షని పోగొట్టడం తెల్ల ఆడవాళ్లు చేయాల్సిన పని, మేం మాత్రం అడుగుతూనే ఉంటాం, లెక్క చెప్పమంటూనే ఉంటాం అన్నారు. పని పంపకం చేశారన్నమాట. ఎవరి ఇల్లు వాళ్లు ఊడ్చుకోండి, ఊడ్చారో లేదో మేం చూస్తాం. అప్పటిదాకా వంతెన అంటే నల్లజాతి మనిషి తెల్ల గదిలోకి వచ్చి, ఓపిగ్గా కూర్చుని, వాళ్లకి పాఠం చెప్పి, వాళ్లు ఏడిస్తే ఓదార్చి ఇంటికెళ్లడం. దాన్ని వీళ్లు కుదరదన్నారు.

దీన్ని గోడ కట్టడమే అనుకున్నవాళ్లు ఉన్నారు. 1977 జూలై నుంచి వాళ్లు ఏర్పాటు చేసిన రిట్రీట్లు నల్లజాతి ఫెమినిస్టులకి మాత్రమే. ఆడ్రీ లార్డ్ లాంటివాళ్లు వేరే ఊళ్ల నుంచి వచ్చి పాల్గొన్నారు. వేరుగా కూర్చుంటే కలవడం ఎలా? ఈ ప్రశ్నకి జవాబు వాళ్ల పనుల చిట్టా చూస్తే దొరుకుతుంది. పేద ఆడవాళ్లకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయడాన్ని ఎదిరించారు. గర్భస్రావం చేసినందుకు నరహత్య కేసు ఎదుర్కొన్న బాస్టన్ నల్లజాతి డాక్టర్ కెనెత్ ఎడెలిన్‌కి అండగా నిలబడ్డారు. ఆ కేసు తెల్ల ఫెమినిస్టులకీ ముఖ్యమే, నల్లజాతి సంఘాలకీ ముఖ్యమే, కానీ రెండు గుంపులూ దాన్ని రెండు వేరు కేసుల్లా చూసేవి. ఆ రెండు చూపులూ ఒకే మనిషిలో ఉన్నది వీళ్ల దగ్గరే. తమలో తాము మాట్లాడుకుని గట్టిపడ్డాకే ఇతరులతో పనిచేయడం వాళ్లకి తేలికైంది.

అసలు పరీక్ష 1979లో వచ్చింది. ఆ ఏడాది జనవరి 28 నుంచి మే 30 లోపు బాస్టన్‌లో రెండు మైళ్ల వ్యాసార్థంలో పదమూడు మంది ఆడవాళ్లు హత్యకి గురయ్యారు. పన్నెండు మంది నల్లజాతి వాళ్లు, ఒకరు తెల్లావిడ. మొదటి రెండు శవాలు దొరికినప్పుడు పెద్ద పత్రికల్లో లోపలి పేజీల్లో చిన్న ముక్కగా వచ్చింది. బే స్టేట్ బ్యానర్ అనే నల్లజాతి వారపత్రిక మాత్రం దాన్ని వదలకుండా రాసింది. రాక్స్‌బరీ, డార్చెస్టర్, సౌత్ ఎండ్‌లలో సాయంత్రమైతే ఆడవాళ్లు బయటికి రావడానికి వణికిపోయే పరిస్థితి.

ఏప్రిల్ 1న పదిహేను వందల మంది సంతాప ఊరేగింపు చేశారు. మాట్లాడినవాళ్లు ఎక్కువగా మగవాళ్లు. ఇవి జాతి హత్యలు, మన ఆడవాళ్లని మనం కాపాడుకోవాలి, ఆడవాళ్లు ఇళ్లలోనే ఉండండి అన్నారు. చచ్చిపోయినవాళ్లంతా ఆడవాళ్లే ఎందుకయ్యారన్న సంగతి ఎవరి నోటా రాలేదు. అది విన్న బార్బరా స్మిత్ ఇంటికెళ్లి కరపత్రం రాయడానికి కూర్చుంది. 'ఆరుగురు నల్లజాతి స్త్రీలు: ఎందుకు చచ్చిపోయారు?' అన్నది దాని శీర్షిక. ఇవి జాతి వల్ల జరిగినవీ, ఆడవాళ్లైనందుకు జరిగినవీ, రెండూ విడదీయలేనివీ అని వాదన. మగవాడి కాపలా లేని ఆడదాని గతేంటి, రాత్రి డ్యూటీకి వెళ్లేదాని గతేంటి అన్న ఆలోచన దాని వెనక ఉంది. ఆత్మరక్షణకి ఏం చేయాలో, ఏ సంఘాన్ని కలవాలో కూడా అందులో రాశారు. ఇంగ్లీషులోనూ, పక్క వీధుల్లో ఉండే లాటిన్ కుటుంబాల కోసం స్పానిష్‌లోనూ వేసి, వేల ప్రతులు పంచారు. ముద్రణ ముద్రణకీ మధ్య హత్యలు జరుగుతూనే ఉన్నాయి. అట్ట మీద ఆరు కొట్టేసి ఏడు, ఏడు కొట్టేసి ఎనిమిది అని రాసి మళ్లీ అచ్చు వేశారు. ఆ కొట్టివేతల్ని చెరిపి శుభ్రమైన అట్ట వేసి ఉండొచ్చు. వేయలేదు.

రంగు గీత నిజంగా పలచబడింది ఈ కరపత్రం చుట్టూనే. రాక్స్‌బరీలో నల్లజాతి వాళ్లు నడిపిన క్రైసిస్ అనే సంఘం, కాంబహీ, డార్చెస్టర్‌లోని గ్రీన్ లైట్ కార్యక్రమం, ఇంకా కొన్ని సంఘాలు కలిసి కోయలిషన్ ఫర్ విమెన్స్ సేఫ్టీగా ఏర్పడ్డాయి. ఈ గ్రీన్ లైట్ ఆలోచన నాకు భలే నచ్చింది. ఒప్పుకున్న ఇళ్లవాళ్లు గుర్తుగా ఆకుపచ్చ బల్బు వెలిగిస్తారు. ఎవరైనా వెంటపడుతుంటే ఆడది ఏ జంకూ లేకుండా ఆ తలుపు కొట్టొచ్చు. ఏ రంగు మనిషి ఇల్లన్నది ఆ క్షణంలో ఎవరికి కావాలి?

తెల్ల ఫెమినిస్టులు, వాళ్లలో బోలెడంత మంది లెస్బియన్లు, ఈ కూటమికి సాయంగా విడిగా సపోర్ట్ గ్రూప్ పెట్టుకున్నారు. 'సాయంగా' అన్న మాట ఇక్కడ బరువైనది. నాయకత్వం ఆ పేటల ఆడవాళ్లది. మైకు, డిమాండ్లు వాళ్లవి. డబ్బు పోగుచేయడం, తమ పేటల్లో ఈ విషయం మాట్లాడటం సపోర్ట్ గ్రూప్ పని. అంతకు ముందు నిరసన అంటే తామే ముందు నడవాలని అలవాటైనవాళ్లకి వెనక వరసలో నిలబడటం తేలికైన పనేమీ కాదు. ఆ ఏడాది ఆగస్టులో రాత్రివేళ జరిగిన పెద్ద ఊరేగింపులో నది ఇటువైపువాళ్లూ అటువైపువాళ్లూ కలిసి నడిచారు.

వంతెనకి రెండో కొస కూడా ఉంటుంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. రాక్స్‌బరీ చర్చిల్లో, పేట సంఘాల్లో, బహిరంగంగా లెస్బియన్లమని చెప్పుకునే వీళ్లని అంతకు ముందు ఎవరు దగ్గరికి రానిచ్చారు? కరపత్రం పుణ్యమా అని ఆ తలుపులు కొంత తెరుచుకున్నాయి. కష్టంలో మొదట రాసి, అచ్చు వేసి, వీధివీధీ తిరిగి పంచినవాళ్లు ఎవరంటే ఈ అమ్మాయిలే అని జనం చూశారు. వాళ్ల జీవితం నచ్చకపోయినా వాళ్ల పని కాదనలేకపోయారు. 1983లో నల్లజాతి నాయకుడు మెల్ కింగ్ బాస్టన్ మేయర్ ఎన్నికల చివరి పోటీ దాకా వచ్చి ఓడిపోయినప్పుడు, అతని ఇంద్రధనుస్సు కూటమిలో నల్లజాతి చర్చివాళ్లూ, లాటిన్ వాళ్లూ, గే, లెస్బియన్ కార్యకర్తలూ ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారు. ఆ పరిచయాల్లో కొన్ని నాలుగేళ్ల ముందు శవాల లెక్కల మధ్య మొదలైనవే.

మరి ఇల్లు ఊడ్చుకునే పని ఎలా నడిచింది? దీనికీ ఒక పద్ధతి తయారైంది. ఆ రోజుల్లో ఫెమినిస్టులు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని సొంత అనుభవాలు చెప్పుకునేవాళ్లు. ఆ పద్ధతినే జాతి వివక్ష మీద తిప్పారు. స్మిత్ అక్కచెల్లెళ్లిద్దరూ, టియా క్రాస్, ఫ్రీడా క్లైన్ అనే ఇద్దరు తెల్ల ఫెమినిస్టులూ కలిసి దీనికి మార్గదర్శక ప్రశ్నల జాబితా రాశారు. తెల్ల ఆడవాళ్లు తమలో తాము కూర్చుని జవాబు చెప్పుకోవాలి. నల్లజాతి మనిషి ఆ గదిలో ఉండనక్కర్లేదు. ఉంటే అందరూ ఆమెకి మంచివాళ్లుగా కనపడాలని చూస్తారు, అసలు మాట బయటికి రాదు.

ప్రశ్నలు తీర్పు చెప్పేవి కావు. మనుషుల్లో రంగు తేడా ఉందని నీకు మొదటిసారి ఎప్పుడు తెలిసింది, అప్పుడు నీ వయసెంత? మీ ఇంట్లో దాని గురించి ఏమన్నారు, ఏం అనకుండా ఊరుకున్నారు? ఇలా సాగుతాయి. 'నువ్వు జాతి వివక్ష చూపిస్తావా' అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. 'మీ ఇంట్లో పనిచేసినావిడ ఏ గిన్నెలో తినేది' అన్నట్టు అడిగితే తల దించుకుని ఆలోచిస్తారు.

ఆ జాబితా చదువుతుంటే రంగు తీసేసి కులం పెట్టుకోకుండా ఉండటం నా వల్ల కాలేదు. మా అమ్మమ్మగారింట్లో పెరటి గోడ మీద బోర్లించిన ఒక గ్లాసు ఉండేది. దాంతో నీళ్లు తాగొద్దని నాతో ఎవరూ చెప్పలేదు. అయినా ఆరేళ్లకే నాకు తెలుసు. ఎవరు నేర్పారని అడిగితే ఇప్పటికీ జవాబు లేదు. ఇది దూరపు పోలిక అనుకునేవాళ్లకి ఒక సంగతి. బాస్టన్ పక్కనే వాల్థమ్‌లో ఉన్న బ్రాండైస్ యూనివర్సిటీ 2019 డిసెంబర్‌లో తన వివక్ష వ్యతిరేక నియమాల్లో కులాన్ని చేర్చింది, అమెరికాలో అలా చేసిన మొదటి విద్యాసంస్థగా. మనవాళ్లు సూట్‌కేసుల్లో పచ్చడి సీసాలతో పాటు ఏం మోసుకెళ్లారో అక్కడివాళ్లకి కూడా తెలిసిపోయింది. టియా క్రాస్, ఫ్రీడా క్లైన్ లాంటివాళ్లు చేసిన పని మన సంఘాల్లో, అందులో క్వీర్ సంఘాలు కూడా, ఎవరు చేస్తున్నారని అడిగితే నా దగ్గర పెద్ద లిస్టు లేదు.

ఈ గుంపుల మీద విమర్శలూ ఉన్నాయి, సబబైనవే. కొన్నిచోట్ల ఇది పాపప్రక్షాళన మీటింగ్‌లా తయారైంది. ఒకరు ఏడవడం, మిగతావాళ్లు వీపు నిమరడం, ఇంటికెళ్లిపోవడం. రాక్స్‌బరీలో అద్దె కట్టలేనావిడకి దీని వల్ల ఒరిగిందేంటి? నిజమే. అందుకే నాకు 1979 వేసవే కొలబద్ద. ఇంట్లో కూర్చుని ప్రశ్నలకి జవాబు రాసుకున్నవాళ్లు, బయట కరపత్రాల కట్టలు మోసినవాళ్లు, కొంతమేరకైనా ఒకే మనుషులు కావడం వల్లే ఆ పద్ధతి నిలబడింది. ఒకటి మాత్రమే చేస్తే రెండోది చెడిపోయేది.

అయినా ఎంతకాలం? 1980 వచ్చేసరికి కాంబహీ దాదాపు ఆగిపోయింది. అలసట, డబ్బు లేకపోవడం, ఊళ్లు మారడం, ప్రేమలూ విడిపోవడాలూ. చిన్న సంఘాలు ఇలాగే ముగుస్తాయి, దానికి పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

ఆ సంవత్సరం జూలైలో చెర్రీ మొరాగా అనే చికానా (మెక్సికన్ మూలాలున్న అమెరికన్) లెస్బియన్ రచయిత్రి బాస్టన్‌లో ఉంది. నల్లజాతి, లాటిన్, ఆసియా, ఆదివాసీ స్త్రీల రచనలతో ఒక సంకలనానికి గ్లోరియా అంజాల్డువాతో కలిసి సంపాదకత్వం చేస్తోంది. దాన్ని అచ్చు వేయబోయేది పెర్సెఫోనీ అనే ప్రెస్, తెల్ల లెస్బియన్లు వాటర్‌టౌన్ శివారులో నడుపుతున్నది. రాక్స్‌బరీలో బార్బరా స్మిత్ ఇంటికి వెళ్లడానికి ఆమె, బాస్టన్ వాళ్లు 'టీ' అని పిలిచే ట్రైన్ ఎక్కింది. దారిలో ట్రైన్ ఆగింది. జీన్స్ వేసుకున్న ఒక తెల్లవాడు లోపలికి దూసుకొచ్చి ఒక నల్లజాతి పిల్లాడిని తలుపుకేసి అదిమి, చేతికి బేడీలు వేసి లాక్కెళ్లిపోయాడు. మఫ్టీ పోలీసు. సంకలనం ముందుమాటలో ఆమె ఈ ప్రయాణం రాసింది. బయల్దేరింది తెల్లవాళ్ల శివారు నుంచి, చేరాల్సింది నల్లజాతి స్నేహితురాలింటికి, మధ్యలో ఈ దృశ్యం. ఈ రెండు చోట్లనీ కలపడానికి ప్రతిసారీ మన ఒళ్లే పరవాలా అని ఆమె అడిగింది. వంతెనని జనం తొక్కుతూ పోతారు అని అంతకు ముందు రాత్రి బార్బరా అన్న మాట కూడా అక్కడే రాసింది.

సంకలనం 'దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్' అన్న పేరుతో 1981లో వచ్చింది. పేరులో వంతెన ఉంది, ఆ వంతెన ఒకరి వీపు. పెర్సెఫోనీ వాళ్లకి న్యాయంగా చెప్పాలంటే, పెద్ద ప్రచురణకర్తలు ముట్టుకోని రోజుల్లో ఆ పుస్తకాన్ని నెత్తికెత్తుకున్నది వాళ్లే. కానీ ఇక్కడే పాత సమస్య ఇంకో వేషంలో ఉంది. రాసేది వీళ్లు, మిషనూ బ్యాంకు ఖాతా వాళ్లవి. స్నేహం ఎంత నిజమైనదైనా, ఆ ఖాతా ఖాళీ అయిన రోజున పుస్తకం కూడా దానితో పోతుంది. 1983లో ప్రెస్ మూతపడింది, సరిగ్గా అలాగే అయింది.

అప్పటికే దీనికి విరుగుడు మొదలైంది. 1980లో ఆడ్రీ లార్డ్ ఒకసారి ఫోన్‌లో బార్బరా స్మిత్‌తో, మనం ప్రచురణ సంగతి ఏదో ఒకటి చేయాల్సిందే అంది. ఆ సంవత్సరమే బాస్టన్‌లో కొందరు కూర్చుని కిచెన్ టేబుల్ అనే ప్రెస్‌కి పునాది వేశారు. అమెరికాలో నల్లజాతి స్త్రీలూ, తెల్లవాళ్లు కాని ఇతర జాతుల స్త్రీలూ తామే పెట్టుకుని తామే నడుపుకున్న ప్రెస్. ఇంట్లో ఆడవాళ్లు పనీ మాటా కలిపి చేసుకునే చోటు వంటింటి బల్ల కాబట్టి ఆ పేరు. మనకైతే వంటింటి గట్టు అనాలి. సొమ్ము లేదు, ఊరు మారుతూ వచ్చింది, న్యూయార్క్ వెళ్లింది, ఆ తర్వాత ఆల్బనీ చేరింది.

దిక్కులేకుండా పోయిన ఆ సంకలనాన్ని 1983లోనే కిచెన్ టేబుల్ వాళ్లు తీసుకుని రెండోసారి వేశారు. టీ ట్రైన్, బేడీలు, పిల్లాడు ఆ ముందుమాటలో అలాగే ఉన్నారు. వంతెనని తొక్కుతూ పోతారన్న మాట కూడా ఉంది. కాకపోతే ఈసారి అచ్చు వేసింది ఆ మాట అన్నావిడ ప్రెస్సే.